తెలుగు డీటీపీ: కొన్న ఖతుల నుంచి స్వేచ్ఛా ఖతుల దాకా

తెలుగు అచ్చు రంగంలో సీసపు అక్షరాల కూర్పు పోయి డీటీపీ (డెస్క్‌టాప్ పబ్లిషింగ్) స్థిరపడింది ప్రధానంగా 1990లలో. పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకు అను, శ్రీలిపి వంటి ప్యాకేజీలు వాడేవారు. అన్నీ డబ్బు పెట్టి కొనుక్కోవలసినవే. ఆల్డస్ సంస్థ 1985లో తెచ్చిన పేజ్‌మేకర్ 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001 నాటి 7.0 దాని చివరి ప్రధాన వెర్షన్.

పేజ్‌మేకర్‌కు తెలుగు లిపి తెలియదు. అందుకే ఆ ప్యాకేజీల ఖతుల్లో (ఫాంట్లలో) రోమన్ అక్షరాల సంకేతాల మీదే తలకట్లు, గుడులు, వత్తుల ముక్కలను అమర్చారు. తెర మీద తెలుగే కనిపించేది కానీ, ఫైల్లో నిలిచేవి రోమన్ సంకేతాలు. పైగా ఒక్కో సంస్థది ఒక్కో అమరిక. ఆ ఖతి లేని కంప్యూటర్లో తెరిస్తే ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. సాఫ్ట్‌వేర్ మారితే ఏళ్ల తరబడి కూర్చిన పుస్తకాలు చదవరాని ఫైళ్లవుతాయి. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు మారడానికి ఇదే పెద్ద చిక్కు.

దీనికి విరుగుడు, ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకటే సంకేతం ఇచ్చే యూనికోడ్. 1991 నాటి తొలి వెర్షన్లోనే అందులో తెలుగుకు చోటు దక్కింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఖతులను తయారుచేసి ఉచితంగా అందించారు. తర్వాత గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించిన మండలి, రామభద్ర వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చాయి.

ఖతి ఉంటే చాలదు, వత్తులను సరైన చోట కూర్చే యంత్రాంగమూ కావాలి. ప్యాంగో అనే కూర్పు లైబ్రరీ సాయంతో బొమ్మల సాఫ్ట్‌వేర్లయిన గింప్, ఇంక్‌స్కేప్‌లకు అది ముందే అబ్బింది. పేజీలు కట్టే స్క్రైబస్ వెనకబడింది. 2017 నాటి 1.5.3 ప్రయోగాత్మక వెర్షన్లో భారతీయ లిపుల కూర్పు చేరింది, స్థిరమైన 1.6 వెర్షన్ 2024 జనవరిలో విడుదలైంది. అచ్చుకు అవసరమైన సీఎంవైకే రంగులు, పీడీఎఫ్ సదుపాయం అందులో ఉన్నాయి.

ఆపరేటర్ల వేళ్లకు అలవాటైన తెలుగు ‘యాపిల్’ కీబోర్డు అమరిక లినక్స్‌లోనూ దొరుకుతుంది. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి; అయినా మార్చిన ప్రతి పేజీకీ ప్రూఫు దిద్దక తప్పదు. కాబట్టి మారదలచిన ప్రెస్సు ముందుగా యూనికోడ్‌లోకి తెచ్చుకోవలసింది తన పాత ఫైళ్లను. ఆ పని పూర్తయితే యూనికోడ్ తెలిసిన ఏ సాఫ్ట్‌వేర్‌కైనా మారవచ్చు.