నామాంకము లేని ఖడ్గము: జపానుదేశపు ఖడ్గపరీక్షా చరిత్ర

గ్రంథాంతగద్యను బట్టి కవిని నిర్ణయించుట మనకు పరిచితమైన పద్ధతి. కాని గద్య యొక కావ్యమునుండి వేరొక కావ్యమునకు చేరవచ్చును. లేఖకుల చేతిలో లుప్తము కావచ్చును. అట్టి చిక్కులనే శతాబ్దులుగా ఎదుర్కొనిన విద్య యొకటి జపానుదేశమున కలదు. అది ఖడ్గపరీక్ష. వారు దానిని ‘కన్‌తెయి’ అందురు.

జపాను ఖడ్గమున పిడిలోనికి పోవు భాగమునకు ‘నకగో’ యని పేరు. కమ్మరి తన పేరును, ఒక్కొక్కప్పుడు ఊరిని, తేదీని దానిపై చెక్కును. నామము చెక్కిన వైపు కూడ సాక్ష్యమే. పూర్వకాలపు పొడవైన ‘తాచి’ని వాదర క్రిందికుండునట్లు నడుమున వ్రేలాడదీసెడివారు, తరువాతి ‘కతన’ను వాదర మీదికుండునట్లు నడికట్టున దోపుకొనెడివారు. రెండింటను నామము సాధారణముగా వెలుపలికి కనబడు వైపుననే యుండును. కావున నామస్థానమును బట్టి ఖడ్గమే తెగకు చెందినదో ఊహింపవచ్చును. నకగోకు పట్టిన త్రుప్పు వయస్సును తెలుపును గనుక దానిని తోమరాదు. తోమి మెరుగు పెట్టినవాడు సాక్ష్యమును చెరిపినవాడగును.

యుద్ధపద్ధతులు మారిన పిమ్మట పొడవైన తాచులను పెక్కింటిని నకగో వైపున కోసి పొట్టివిగా చేసిరి. ఆ కోతలో కమ్మరి పేరు పోయెను. అట్టివానిని గుర్తించుటకు ఉక్కే ఆధారము. ఉక్కును మడచి మడచి సాగగొట్టుటచే తేలిన పొరల తీరు, గట్టిపరచిన వాదర వెంబడి కనబడు రేఖ, ఖడ్గపు వంపు, ఇవి చూచి యమషిరో, యమతో, బిజెన్, సగామి, మినో అను ఐదు ప్రాంతీయ సంప్రదాయములలో అది దేనికి చెందునో పరీక్షకుడు నిర్ణయించును.

ఈ విద్యలో హొనామి వంశమువారు ప్రసిద్ధులు. ఖడ్గములకు సానపట్టుట, పరీక్షించుట వారి కులవృత్తి. వారు మడచిన కాగితముపై నిర్ణయమును, బంగారు నాణెములలో వెలను వ్రాసి యిచ్చెడివారు. ఆ పత్రమునకు ‘ఒరిగామి’ యని పేరు. 1719లో షోగును తొకుగవ యొషిమునె ఆజ్ఞచే ఆ వంశీయులు సమర్పించిన ప్రసిద్ధఖడ్గముల పట్టికలో అగ్నికి ఆహుతియైన ఖడ్గములును చేర్పబడినవి.

అందు మిక్కిలి ఆదరము పొందినవాడు సగామి కమ్మరి మసమునె. అతని పేర చెలామణి యగు ఖడ్గములలో నామము గలవి అత్యల్పము. 1896లో ఇమమురా చోగా అను పరీక్షకుడు మసమునె కీర్తియే హిదెయొషి కాలపు కల్పన యని పత్రికాముఖమున ఆక్షేపించెను. పెద్ద వివాదము చెలరేగినది. కాని 1423లో ప్రతి తీయబడిన, కన్‌చియిన్ మఠమునకు చెందిన కమ్మరుల నామపట్టికలో మసమునె పేరు కలదు. హిదెయొషి పుట్టుటకు శతాబ్దికి పైగా పూర్వపు సాక్ష్యమిది. ఐనను ఆక్షేపము నిష్ఫలము కాలేదు. మసమునె యను కమ్మరి యుండెననుట వేరు. ఎదుట నున్న ఖడ్గ మతనిదే యనుట వేరు. మొదటిది గ్రంథసాక్ష్యముచే తేలును; రెండవది ప్రతి ఖడ్గమునకును వేరువేరుగా తేలవలసినదే.

ఖడ్గమునకు తొడుగు పరికరముల చరిత్ర మరియొక తీరు. చేతికి అడ్డుగా నుండు లోహపు బిళ్లకు ‘త్సుబ’ యని పేరు. ఆషికగ షోగునుల కాలమున గోతో యూజో (1440–1512) స్థాపించిన వంశము ఖడ్గాలంకార లోహకళలో తరతరములుగా కీర్తి గడించెను. 1876 శాసనము సామాన్యముగా ఖడ్గధారణమును నిషేధింపగా ఆ పనివారి జీవనము దెబ్బతిన్నది. కనో నత్సువొ (1828–1898) వంటి నిపుణులు ఇతర లోహశిల్పములకు మరలిరి. త్సుబలను విడదీసి విడిగా అమ్మగా పెక్కు విదేశములకు చేరినవి. చేతికందిన త్సుబ ఏ ఖడ్గముతో నుండెడిదో చెప్పుట నేడు తరచుగా దుష్కరము.

1945 ఓటమి తరువాత అంతకు మించిన నష్టము కలిగినది. ఆయుధములను అప్పగింపవలెనను ఆజ్ఞ ననుసరించి తొకుగవ వంశపు ‘హోన్‌జో మసమునె’ ఆ డిసెంబరులో పోలీసుల కీయబడెను. దాని జాడ నేటికిని తెలియదు. కళాఖడ్గములను ఆయుధములనుండి వేరుచేయుటకు పండితులు పాటుపడిరి. 1948లో ఖడ్గసంరక్షణ సంఘము ఏర్పడినది. అమెరికాకు పోయిన కునిమునె ఖడ్గమును, అది కగొషిమలోని తెరుకుని మందిరమునకు చెందినదని గుర్తించి, వాల్టర్ కాంప్టన్ 1963లో తిరిగి యిచ్చెను. విలువ నిర్ణయించు విద్యయే స్వస్థానమునకు చేర్చు విద్యయు నైనది.

నామము మోసగింపవచ్చును, పత్రము పొరపడవచ్చును. వస్తువు, లేఖము, పరంపర అను మూడింటిని ఒకదానితో నొకటి సరిచూచుటయే పరీక్షకుని ధర్మము. కావ్యకర్తృత్వమును విచారించువారికిని ఇదియే ధర్మము.