పాఠశాలా భవనం, ప్రభుత్వ గ్రాంటు: ఒక చారిత్రక పరిశీలన

మన దేశంలో విద్యాచరిత్ర రాసినవారు బోధనాభాష గురించి, పాఠ్యక్రమం గురించి, విశ్వవిద్యాలయాల పుట్టుపూర్వోత్తరాల గురించి విస్తారంగా చర్చించారు. బడి నిలిచే గది ఎక్కడిది, దానికి సొమ్ము ఎవరిచ్చారు, ఆ సొమ్ము కోసం ఎవరు ఎవరికి దరఖాస్తు పెట్టుకున్నారు అన్న ప్రశ్నలకు మాత్రం ఆ గ్రంథాలలో దక్కిన చోటు స్వల్పం. పాఠశాలా భవనం కోసం ప్రభుత్వాన్ని అర్థించే పద్ధతి దాదాపు 170 ఏళ్లుగా మన పరిపాలనలో భాగంగా ఉంది. ఆ పద్ధతిలోని నిబంధనలను కాలక్రమంలో పరిశీలిస్తే, ఏ ఊరికి బడి దక్కింది, ఏ వాడకు దక్కలేదు అన్న విషయం చాలావరకు బోధపడుతుంది.

వీధిబడి కాలం

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధానిలోని విద్యాస్థితిపై జిల్లాలవారీ విచారణకు ఆదేశించారు. 1826లో తేలిన లెక్క ప్రకారం సుమారు కోటీ ఇరవై ఎనిమిది లక్షల జనాభాకు 12,498 పాఠశాలలు, లక్షా ఎనభై ఎనిమిది వేల మంది విద్యార్థులు ఉన్నారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక వీటిలో ప్రసిద్ధమైనది. తెలుగు, కన్నడ ప్రాంతాలు కలిసిన ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన రాశారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించే ఆ బడుల పొదుపును మెచ్చుకుంటూనే, జనం పేదరికం వల్ల, పూర్వపు రాజుల ఆదరణ పోవడం వల్ల అవి క్షీణిస్తున్నాయని కూడా ఆయన హెచ్చరించారు.

ఈ వేల బడులలో అధికభాగానికి ప్రత్యేకమైన భవనం లేదు. పంతులుగారి ఇంటి అరుగు, గుడి మండపం, ఊరి చావడి, చెట్టు నీడ వీటిలో ఏదో ఒకటి బడి అయ్యేది. అందుకు అద్దె లేదు, దరఖాస్తు లేదు, తనిఖీ లేదు. అయితే ఆ అరుగు ఎవరిదో, ఆ మండపంలోకి ఎవరికి ప్రవేశం ఉన్నదో, బడి కూడా వారిదే అయింది. ఖర్చులేని ఆ చోటుకు చెల్లించవలసి వచ్చిన మూల్యం అది.

సగం మీది, సగం మాది

ప్రభుత్వ గ్రాంటు పద్ధతి మనకు ఇంగ్లండు నుంచి వచ్చింది. 1833లో బ్రిటిష్ పార్లమెంటు మొట్టమొదటిసారిగా ప్రజల విద్యకు 20,000 పౌన్లు మంజూరు చేసింది. ఆ సొమ్ము ఉపాధ్యాయుల జీతాలకు గాని, పుస్తకాలకు గాని ఉద్దేశించింది కాదు. అది పూర్తిగా బడి ఇళ్లు కట్టడానికే. రెండు మతసంఘాల ద్వారా దరఖాస్తులు రావాలనీ, కట్టుబడి ఖర్చులో కనీసం సగం స్థానిక చందాలతో సమకూడాలనీ ఖజానా శాఖ నిబంధన పెట్టింది. ఫలితం ఊహించదగినదే. చందాలు పోగుచేయగల శక్తి ఆంగ్లికన్ చర్చికి చెందిన సంఘానికే ఎక్కువగా ఉండటంతో ధనంలో అత్యధిక భాగం దానికే చేరింది. చందా ఇవ్వలేని పేదల పేటలు బడి లేకుండానే మిగిలాయి. ఆ లోటును పూరించడానికి ఇంగ్లండు 1870 నాటి ప్రాథమిక విద్యాచట్టం వరకు ఆగవలసి వచ్చింది.

1854 జూలై 19 నాటి వుడ్ తాఖీదు ఈ విధానాన్నే భారతదేశానికి తెచ్చింది. లౌకిక విద్య సక్రమంగా బోధించడం, బాధ్యతగల స్థానిక యాజమాన్యం, ప్రభుత్వ తనిఖీకి అంగీకారం, ఎంత స్వల్పమైనా సరే విద్యార్థుల నుంచి రుసుము వసూలు చేయడం అనేవి సహాయానికి ముఖ్యమైన షరతులు. ఏయే అవసరాలకు గ్రాంటు ఇవ్వవచ్చో ఉదహరిస్తూ బడి ఇంటి నిర్మాణాన్ని, మరమ్మతును కూడా తాఖీదు పేర్కొంది. 1855లో మద్రాసులో విద్యాశాఖ ఏర్పడి, అలెగ్జాండర్ ఆర్బత్‌నాట్ తొలి డైరెక్టరయ్యారు. గ్రాంటు నిబంధనలు వెలువడి, తరువాతి దశాబ్దంలో పలుమార్లు సవరణకు లోనయ్యాయి.

కాగితం మీద ఈ నిబంధనలు అందరికీ సమానమే. కాని దరఖాస్తు పెట్టాలంటే ఇంగ్లీషులో ఉత్తరం రాయగలవారు కావాలి. స్థలంపై హక్కు రుజువు కావాలి. నక్షా, అంచనా వ్యయ పట్టిక, యాజమాన్య సంఘం, చేతిలో చందా సొమ్ము కావాలి. ఈ సరంజామా మొదట్లో ఎక్కువగా ఉన్నది క్రైస్తవ మిషన్లకు. బందరులో రాబర్టు నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల, గుంటూరులో లూథరన్ మిషను, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషను తెలుగు దేశంలో ఇందుకు తెలిసిన ఉదాహరణలు. వీధిబడి పంతులుకు ఈ సరంజామాలో ఒక్కటీ లేదు.

గోదావరి డెల్టా ప్రయోగం

ఈ నేపథ్యంలో గోదావరి జిల్లాలో జరిగిన ఒక ప్రయోగం విశేషమైనది. 1850ల మధ్యకాలంలో రాజమండ్రి సబ్‌కలెక్టరు జి.ఎన్. టెయిలర్ నరసాపురం ప్రాంతంలో గ్రామపాఠశాలల స్థాపనకు పూనుకున్నారు. రైతులు తమ భూమిశిస్తుతో పాటు బడి కోసం కొంత పన్ను తామే చెల్లించడానికి ఒప్పుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువల నీరు పొలాలకు చేరిన రోజులవి. చేతికి పంట వచ్చిన రైతు పిల్లవాడి చదువుకు ఇంత తీసి ఇవ్వడానికి వెనుకాడలేదు. పన్ను బడులుగా పేరొందిన ఈ పాఠశాలలు రాజధాని అంతటా చర్చకు వచ్చాయి.

స్వచ్ఛందంగా మొదలైన ఆ పన్నుకు చట్టబద్ధత కల్పించడానికి 1863లో మద్రాసు విద్యాచట్టం వచ్చింది. ఏ ఊరివారైనా కోరితే తమపై తామే పన్ను వేసుకుని బడి నడుపుకోవచ్చునన్నది దాని సారాంశం. అయితే గోదావరి జిల్లా వెలుపల ఆ చట్టం వేళ్లూనలేదు. కాలువ నీరు లేని చోట, వాన మీద ఆధారపడిన దత్తమండలంలో, శిస్తే భారమైన రైతు మరో పన్నును కోరి నెత్తికెత్తుకుంటాడా? స్వయంకృషికి ప్రతిఫలంగా సహాయమన్న సూత్రం కలిగిన ప్రాంతానికి ఊతమైంది, లేని ప్రాంతానికి అడ్డుకట్టయింది.

ఈ అనుభవం నుంచి ప్రభుత్వం ఒక పాఠం నేర్చింది. 1871 నాటి స్థానిక నిధుల చట్టం పన్నును ఊరి ఇష్టానికి వదలక జిల్లా నిధిగా మార్చింది. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. అప్పటినుంచి బడి ఇంటి కోసం ఊరి పెద్దలు పెట్టే అర్జీ బోర్డు సభ్యుని చేతికి చేరసాగింది. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం జిల్లా విద్యామండలులను నెలకొల్పింది. స్థానిక సంస్థలు విద్యాపన్ను విధించడానికి కూడా ఆ చట్టం వీలు కల్పించింది.

అందరికీ తెరవని వాకిలి

భవనం లేని బడి కన్న పెద్ద సమస్య, ప్రవేశం లేని భవనం. అద్దె లేకుండా దొరికే అగ్రహారం ఇళ్లలో, గుడి ఆవరణల్లో, చావళ్లలో నడిచే ప్రభుత్వ సహాయ పాఠశాలల్లోకి దళిత బాలలు అడుగు పెట్టలేకపోయేవారు. రిజిస్టరు ప్రకారం బడి అందరిదీ, ఆచరణలో అది కొందరిది. ఈ విషయాన్ని గుర్తించి, అన్ని కులాల పిల్లలూ రాగల చోటికి బడులను మార్చాలని మద్రాసు ప్రభుత్వం 1919లో ఉత్తర్వు చేసింది. తరువాతి సంవత్సరాలలో కార్మికశాఖ ద్వారా ఆనాటి అధికారభాషలో నిమ్నవర్గాలని పిలిచిన వారికి వేరే బడులు కూడా తెరిచారు. ఉత్తర్వు అమలు చాలాచోట్ల ఆలస్యమైంది, ప్రతిఘటనకు గురైంది. అయినా ఒక సత్యం స్పష్టమైంది. ప్రజాధనంతో, ప్రజల స్థలంలో కట్టిన బడికి మాత్రమే అందరినీ లోపలికి పిలిచే అధికారం ఉంటుంది. సొంత భవనం కోసం పెట్టే దరఖాస్తుకు ఆ విధంగా సామాజిక న్యాయంతో ముడి పడింది.

హైదరాబాదు రాజ్యంలో పరిస్థితి వేరు. అక్కడి తెలుగు ప్రాంతంలో ఊరివారు బడి పెట్టుకోవాలంటే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ధనానికి కాక అనుమతికి సంబంధించినది. 1924 ప్రాంతంలో వచ్చిన ఖాన్గీ పాఠశాలల నిబంధనలు ప్రైవేటు బడులకు సర్కారు మంజూరును తప్పనిసరి చేశాయి. ఆ నిబంధనల రద్దు ఆంధ్రోద్యమకారుల ముఖ్యమైన కోర్కెలలో ఒకటయింది. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన 1930లో జోగిపేటలో తొలి సమావేశం జరుపుకున్న నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ వేదిక మీద మాతృభాషలో విద్య ప్రధానాంశం. కృష్ణకు ఈవల గ్రాంటు కోసం అర్జీ రాస్తున్న తరంలోనే, ఆవల బడి తెరిచే హక్కు కోసం అర్జీ రాయవలసి వచ్చింది.

శ్రమదానం నుంచి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వరకు

పద్నాలుగేళ్ల లోపు బాలలందరికీ పదేళ్లలో నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 45వ అధికరణం నిర్దేశించింది. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకం గ్రామీణులను శ్రమదానానికి పిలిచింది. రాయి, ఇసుక, కలప, కూలి గ్రామం ఇస్తే సిమెంటు, ఇనుము, సాంకేతిక సలహా ప్రభుత్వం ఇచ్చే పద్ధతి వ్యాపించింది. పొరుగున మద్రాసు రాష్ట్రంలో కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, విద్యాశాఖ డైరెక్టరు నె.దు. సుందరవడివేలు నడిపిన పాఠశాలాభివృద్ధి మహాసభలలో ఊళ్లు తమ బడులకు భూమి, బల్లలు, గదులు కానుకగా ప్రకటించేవి. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ అమలులోకి రావడంతో గ్రామ ప్రాథమిక పాఠశాలల బాధ్యత సమితులకు చేరింది.

ఇందులోనూ పాత చిక్కు మరో రూపంలో కొనసాగింది. ప్రజల వాటా ఇవ్వగల ఊరికి గది ముందు వచ్చింది. 1986 జాతీయ విద్యావిధానం తరువాత, 1987–88లో ప్రారంభమైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ఈ తర్కాన్ని తలకిందులు చేసింది. ఊరు ఏమి ఇవ్వగలదని ప్రశ్నించక, ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసంగా ఏముండాలో ముందుగా నిర్ణయించింది. అన్ని రుతువులలో పనికివచ్చే రెండు పెద్ద గదులు, వెడల్పాటి వరండా, బాలురకూ బాలికలకూ వేరువేరు మరుగుదొడ్లు, కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు, బోధనోపకరణాలు అందులోని అంశాలు. గదుల నిర్మాణానికి గ్రామీణ ఉపాధి పథకాల నిధులను వినియోగించారు. 1994లో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యాపథకం కట్టడాల ఖర్చుకు మొదట 24 శాతం పరిమితి విధించింది. 2000–01లో ఆరంభమైన సర్వశిక్షా అభియాన్‌లో ఆ పరిమితి 33 శాతం. గోడలకే నిధులన్నీ ఖర్చయి చదువు వెనుకబడకూడదన్నది ఆ హద్దు వెనుక ఉన్న ఆలోచన. నిర్మాణాన్ని గుత్తేదారులకు వదలక గ్రామ విద్యాసంఘాలకు అప్పగించడం ఈ పథకాల మరో విశేషం.

హక్కుగా మారిన గది

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో పూరికప్పు పాఠశాల అంటుకుని 94 మంది చిన్నారులు దుర్మరణం పాలయ్యారు. ఆ దుర్ఘటన దరిమిలా దాఖలైన వ్యాజ్యంలో, సురక్షితమైన పాఠశాలలో చదువుకోవడం బాలల ప్రాథమిక హక్కులో అంతర్భాగమని 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అదే ఏడాది పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన విద్యాహక్కు చట్టం భవన ప్రమాణాలను అనుబంధంలో పొందుపరిచింది. ఉపాధ్యాయునికి ఒక గది చొప్పున అన్ని రుతువులకూ తట్టుకునే భవనం, వేరువేరు మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె వాటిలో ఉన్నాయి. వీటిని సమకూర్చడానికి మూడేళ్ల గడువు పెట్టింది.

దరఖాస్తు చరిత్రలో ఆ చట్టంలోని 22వ సెక్షను ఒక మలుపు. నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండే పాఠశాల యాజమాన్య కమిటీ తయారుచేసే అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ గ్రాంటులకు ప్రాతిపదిక కావాలని అది పేర్కొంది. 1855లో ఇంగ్లీషు తెలిసిన యాజమాన్యం రాసిన పత్రాన్ని, 2010 తరువాత కూలికి వెళ్లే తల్లి కూడా రాయించగలగాలన్నది చట్టం ఆశయం. 2019లో ఆంధ్రప్రదేశ్ చేపట్టిన ‘నాడు–నేడు’ తొలి దశలో 15,715 పాఠశాలల పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా సాగాయి. 2022లో తెలంగాణ ‘మన ఊరు–మన బడి’ని ప్రకటించింది. 2024లో అక్కడే మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి.

మరొక వైపు, 2022 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎంశ్రీ పథకం 14,500 పాఠశాలలను పోటీ పద్ధతిలో ఎంపిక చేయాలని తలపెట్టింది. నిర్ణీత ప్రమాణాలు చేరిన పాఠశాల తానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ఆదర్శ పాఠశాలలను రూపొందించడానికి ఈ మార్గం ఉపకరించవచ్చు. అయితే 1833 నాటి ఇంగ్లండు అనుభవాన్నీ, 1863 నాటి గోదావరి అనుభవాన్నీ ఇక్కడ మరచిపోరాదు. అర్జీ చక్కగా రాయగలిగిన బడికి సాధారణంగా అప్పటికే కొంత బలం ఉంటుంది. ఏకోపాధ్యాయ పాఠశాలలో పాఠం చెప్పే చేయే హాజరు రాయాలి, మధ్యాహ్న భోజనం లెక్క చూడాలి, దరఖాస్తు కూడా నింపాలి.

కనుక, నిధులు మంజూరు చేసే అధికారి బల్ల మీదికి చేరిన అర్జీలతో పాటు చేరని అర్జీలను కూడా లెక్కలోకి తీసుకోవాలని ఈ చరిత్ర బోధిస్తున్నది. ఏ మండలం నుంచి, ఏ ఆవాసం నుంచి దరఖాస్తు రాలేదో విచారించడం, రాయలేని కమిటీకి నక్షా, అంచనాలు తయారుచేసి ఇవ్వడానికి ఒక ఇంజనీరును, ఒక గుమాస్తాను పంపడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. వంద సంవత్సరాల క్రితం చావడి మెట్టు దగ్గర ఆగిపోయిన పిల్లవాడి మునిమనుమరాలు ఈనాడు బడికి వస్తున్నది. ఆమె కూర్చునే గది ఊరి చందాల పట్టీ మీద గాని, ఎవరి దస్తూరీ మీద గాని ఆధారపడకుండా లేచినప్పుడే 45వ అధికరణం నాటి వాగ్దానం నెరవేరినట్లవుతుంది.