ఎలుకల్లో ఆటిజం తగ్గిందంటే.. మందు వచ్చేసినట్టేనా? అసలు విషయం ఇదీ

‘ఎలుకల్లో ఆటిజం లక్షణాలు తగ్గాయి’ అన్న వార్త కనిపిస్తే పలాసలో ఉన్నా, టెక్కలిలో ఉన్నా తల్లిదండ్రుల్లో ఆశ మొదలవుతుంది. ఇంతకీ ఆ ప్రయోగాలు ఏం చెబుతున్నాయి?

ఎలుకకు ఆటిజం ఎలా?
ఎలుకకు ఆటిజం రాదు. మనుషుల్లో ఆటిజంతో సంబంధం ఉన్న ఒక జన్యువును చిట్టెలుకల్లో మారుస్తారు. మెదడు కణాల మధ్య సంకేతాలు ఎక్కడ దెబ్బతింటున్నాయో చూస్తారు. తోటి ఎలుక దగ్గరికి వెళ్తోందా, చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తోందా అని గమనిస్తారు.

ఏం తేలింది?
* షాంక్3: ఈ జన్యువు లోపించిన ఎలుకలు ఒళ్లు పుండ్లు పడేలా తమను తామే గీరుకున్నాయని 2011లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. పెద్దయ్యాక జన్యువును తిరిగి పనిచేయిస్తే ఆ అలవాటు తగ్గింది, తోటి ఎలుకలతో కలవడం పెరిగింది. ఆందోళన మాత్రం తగ్గలేదు. ఇది 2016 నాటి ఫలితం.
* సిన్‌గ్యాప్1: దీనిపై బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ సైంటిఫిక్ రీసెర్చ్‌లో పనిచేస్తున్నారు. ఎదిగే వయసు ఎలుకలకు 6బయో అనే రసాయనం ఇస్తే ప్రవర్తన మెరుగైందని 2022లో వెల్లడించారు.

మరి పిల్లలకు ఎందుకు ఇవ్వట్లేదు?
ఆటిజంతో ముడిపడిన జన్యువులు వందల్లో ఉన్నాయి. ఒక్క ఎలుక చూపేది అందులో ఒక్క దారే. ఎలుకకు మాటలూ ఉండవు. ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు సమస్యలో ఎలుకలపై బాగా పనిచేసిన మందు మనుషుల్లో ఫలితం చూపలేదు. దీంతో 2014లో నోవార్టిస్ ఆ ప్రయత్నాన్ని ఆపేసింది.

పరిశోధన వేరు, చికిత్స వేరు. ఏళ్లుగా కిడ్నీ జబ్బుపై అధ్యయనాలు చూస్తున్న ఉద్దానానికి ఈ తేడా కొత్తేం కాదు.

తల్లిదండ్రులు ఏం చేయాలి?
* ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, కళ్లలోకి చూడకపోయినా డాక్టర్‌కు చూపించాలి.
* రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. అంగన్‌వాడీలో గానీ, స్కూల్లో గానీ అడగండి.
* స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తామంటే నమ్మొద్దు. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చేయడం లేదని 2022లోనే నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది.

ఎలుకల నుంచి మందు రావడానికి ఏళ్లు పట్టొచ్చు. మాట, ప్రవర్తన నేర్పే థెరపీ మాత్రం ఇప్పుడే ఉంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.