మ్రోగని గంట: టెలిఫోను పిలుపు చరిత్ర

గుంతకల్లు నుండి రాయచూరు వైపు పోవు రైలుమార్గములో, ఆదోని చేరకముందే ఆస్పరి స్టేషను వచ్చును. మద్రాసు నుండి వచ్చిన పట్టాలును, బొంబాయి నుండి వచ్చిన పట్టాలును 1871 లో రాయచూరువద్ద కలిసినవి. అప్పటికి టెలిఫోను పుట్టలేదు. స్టేషనుకు స్టేషనుకు మధ్య వార్తలు తంతిమీదనే నడిచెడివి. ఐదేండ్ల తరువాత, 1876 మార్చి 10వ తేదీన, అమెరికాలోని బోస్టన్ నగరములో అలెగ్జాండర్ గ్రాహంబెల్ పలికిన మాటలు తీగ వెంట పోయి, మరియొక గదిలోనున్న ఆయన సహాయకుడు థామస్ వాట్సన్ చెవిని చేరినవి. ఆ యంత్రమునకు గంట లేదు. వాట్సన్ దానిచెంతనే కాచుకొనియుండెను గనుక గంట అవసరము కలుగలేదు. కాచుకొనియుండని మనిషిని పిలుచుట ఎట్లు?

ఈ ప్రశ్నకు దొరకిన సమాధానమే టెలిఫోను గంట. "టెలిఫోనులో మాట బాగుగనే వినబడుచున్నది, కాని గంట మ్రోగుటలేదు" అను ఫిర్యాదు ఆఫీసులలో తరచు వినబడును. మాట్లాడుటకు పనికివచ్చు యంత్రము పిలుచుటకు పనికిరాకుండుట వింతగా తోచును. ఇందలి రహస్యమొక్కటే: మాటను మోయు ఏర్పాటు వేరు, మనిషిని పిలుచు ఏర్పాటు వేరు. ఒకటి చెడినను రెండవది చక్కగా నుండవచ్చును.

సుత్తి నుండి గంటకు

మొదటి టెలిఫోనులు వాడినవారు పలుచని రేకుపొరను పెన్సిలుతో తట్టియో, బిగ్గరగా కేకవేసియో అవతలివారిని పిలిచెడివారు. వాట్సన్ ఈ పనికై యంత్రములోపల ఒక చిన్న సుత్తిని అమర్చెను. పిదప జుంజుమ్మను బజరును చేసెను. చివరకు 1878 లో రెండు గిన్నెల గంటను రూపొందించెను. దీనిలో ఒక శాశ్వత అయస్కాంతము, రెండు తీగచుట్టలు, వాని యెదుట ఇటునటు ఊగు ఇనుపపలక యుండును. విద్యుత్తు ఒక దిక్కున ప్రవహించినపుడు పలక ఎడమకును, దిక్కు మారినపుడు కుడికిని వాలును. పలకకు తగిలించిన సుత్తి రెండు గిన్నెలను మార్చి మార్చి కొట్టును.

కావున ఈ గంటకు దిక్కు మార్చుకొనుచుండు విద్యుత్తు, అనగా ఏకాంతర విద్యుత్తు కావలెను. మాటకు చాలిన బ్యాటరీ దీనికి చాలదు. అందుచేత టెలిఫోను పెట్టె ప్రక్కన చేతిపిడి గల మాగ్నెటో అను చిన్న జనకయంత్రమును అమర్చిరి. పిడి త్రిప్పగానే అవతల గంట మ్రోగెడిది. ఎక్స్చేంజిలోనైనచో బోర్డుమీద ఒక చిన్న రేకు వాలి, పిలుచుచున్నవారు ఎవరో తెలిపెడిది. 1882 జనవరి 28వ తేదీన కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్చేంజీలు ఆరంభమైనవి. పిడిత్రిప్పు పద్ధతి మన దేశపు చిన్న ఊళ్లలో ఇరువదవ శతాబ్దపు రెండవ భాగమునందును చాలకాలము నిలిచెను.

తొలినాటి తీగలు పెక్కు ఒంటితీగలు. విద్యుత్తు తిరిగివచ్చుటకు భూమియే రెండవ తీగగా పనిచేసెడిది. ఇట్టి ఏర్పాటులో నేల స్వభావమే గంట భాగ్యమును నిర్ణయించును. ఆదోని, ఆస్పరి ప్రాంతములందలి నల్లరేగడి వంటి నేల వేసవిలో ఎండి బీటలువారును. ఎండిన నేలకు విద్యున్నిరోధము హెచ్చు. భూమిలో పాతిన పలక చుట్టును ఉప్పు, బొగ్గు వేసి నీరు పోయుట అందుకే.

ఒకే జతపై రెండు పనులు

1890 దశకములో ఎక్స్చేంజిలోని పెద్ద బ్యాటరీయే టెలిఫోనులన్నిటికి విద్యుత్తు నిచ్చు పద్ధతి వచ్చినది. దీనితో క్రొత్త చిక్కు కలిగెను. రిసీవరు క్రింద పెట్టియున్నపుడు బ్యాటరీ విద్యుత్తు ప్రవహింపరాదు. కాని గంట మాత్రము తీగకు అంటుకొనియే యుండవలెను. కండెన్సరు, అనగా నేడు కెపాసిటరు అనబడునది, ఈ చిక్కును విడదీసినది. ఇది బ్యాటరీనుండి వచ్చు ఏకముఖ విద్యుత్తును ఆపివేయును. ఏకాంతర విద్యుత్తును పోనిచ్చును. మన దేశములో ఎక్స్చేంజి పంపు గంట విద్యుత్తు సుమారు 75 వోల్టులు, సెకనుకు 25 ఆవర్తములు. ఆ పౌనఃపున్యమువద్ద 2 మైక్రోఫారడ్ల కండెన్సరు కలిగించు అడ్డంకి సుమారు 3,200 ఓములు. ఉన్నత తరగతుల విద్యార్థులు దీనిని లెక్కగట్టి చూడవచ్చును.

అనేకులలో ఒక్కరిని పిలుచుట

రైల్వేలలో పిలుపు సమస్య మరింత జటిలము. కంట్రోలు టెలిఫోను పద్ధతిలో అనేక స్టేషనులు ఒకే జత తీగలకు కట్టబడియుండును. గుంతకల్లు వంటి డివిజను కేంద్రమునందలి కంట్రోలరు ఒక్క స్టేషనును పిలువగా అన్ని గంటలును మ్రోగినచో, కొన్నాళ్లకు ఏ గంటనును ఎవరును లక్ష్యపెట్టరు. అందుచేత ప్రతి స్టేషనులోను సెలెక్టరు అను యంత్రము నుంచిరి. తీగమీద వచ్చు ప్రతి విద్యుత్ స్పందనమునకు దానిలోని పండ్లచక్రము ఒక అడుగు కదలును. ప్రతి స్టేషనుకు మూడంకెల సంకేతము. ఉదాహరణకు 3, 6, 8, లేదా 2, 5, 10. మూడింటి మొత్తము ఎల్లపుడు 17. మధ్యనుండు విరామములలో తనది కాని సంకేతము వచ్చిన చక్రము వెనుకకు జారిపోవును. తనదే యైన చక్రము మాత్రము 17వ అడుగునకు చేరి గంటను కలుపును. ఏ అంకెయు 2 కంటె తక్కువ కాకుండ 17 ను మూడు భాగములుగా చేయుటకు 78 విధములు గలవు. కావున ఒకే జతపై 78 స్టేషనులను వేరువేరుగా పిలువవచ్చును.

చక్రము ఒక్క అడుగు తప్పినచో ఆ స్టేషనులో గంట మ్రోగదు. అయినను రిసీవరు తీసి విన్నచో కంట్రోలరు మాట స్పష్టముగా వినవచ్చును. రైలు రాకపోకలను తెలుపు పిలుపు అందక, మాట తీగ బాగుండియు ప్రయోజనము లేకపోవును. ఇట్టి సిగ్నలు, టెలికమ్యూనికేషను పరికరములయందు సిబ్బందికి శిక్షణ నిచ్చుటకై 1957 లో సికిందరాబాదులో రైల్వే సంస్థ యొకటి స్థాపింపబడినది.

తప్పును వెదకు విధము

ఆఫీసు టెలిఫోను మ్రోగనపుడు మొదట రిసీవరు తీసి చూడవలెను. డయల్ టోను వినబడినచో బ్యాటరీ మార్గము బాగున్నదని అర్థము. పిదప బాగుగ మ్రోగు మరియొక టెలిఫోనును అదే గోడపెట్టెకు తగిలింపవలెను. అది మ్రోగినచో దోషము పాత యంత్రములోనే యున్నది: కండెన్సరు తెగియుండవచ్చును, తీగచుట్ట తెగియుండవచ్చును, లేక గిన్నె జరిగి సుత్తికి అందకుండవచ్చును. పత్తి జిన్నింగు మిల్లులు గల ఆదోని వంటి ఊళ్లలో దూదినూగు సుత్తికి అడ్డుపడుటకును వీలు గలదు. రెండవ టెలిఫోనును మ్రోగనిచో దోషము తీగలోనో, ఎక్స్చేంజిలోనో వెదకవలెను.

ఒకే తీగకు నాలుగైదు యంత్రములు తగిలించిన ఆఫీసులలో గంట విద్యుత్తు పంచబడి దేనికిని చాలకపోవచ్చును. ఒక్కొక్కదానిని తీసివేయుచు పరీక్షించిన సంగతి తేలును. వానకాలములో తీగ తడిసి విద్యుత్తు కారినచో, రిసీవరు తీసినారని ఎక్స్చేంజి భ్రమపడి గంటను ఆపివేయును. అపుడు ఒక్క "టింగు" మాత్రమే వినబడును. గంట వచ్చు సమయమున విడితీగలను ముట్టరాదు. 75 వోల్టులు గట్టిగా జాడించును.

ఇక్కడ ముఖ్యమైన విషయమొకటి కలదు. పిలుచువారి చెవిలో వినబడు "ట్రింగు ట్రింగు" అవతలి గంట చప్పుడు కాదు. అది ఎక్స్చేంజి వేరుగా పంపు స్వరము. అవతలి గంట మూగవోయినను అది వినబడుచునే యుండును. ఎంతసేపు మ్రోగించినను ఎవరును తీయలేదని ఆఫీసు గుమాస్తాను నిందించువారికి ఈ సంగతి తెలియదు.

నేటి గంట

1984 లో నెలకొల్పబడిన సీడాట్ సంస్థ రూపొందించిన ఎలక్ట్రానిక్ గ్రామీణ ఎక్స్చేంజి 1986 లో కర్ణాటకలోని కిత్తూరులో పనిచేయనారంభించెను. అట్టి ఎక్స్చేంజీలు పల్లెలకు వ్యాపించినకొలది చేతిపిడి మాయమైనది; యంత్రములలో గిన్నెల గంటకు బదులు ఎలక్ట్రానిక్ స్వరము వచ్చినది. నేటి ఆఫీసులలో ఇంటర్నెట్టుపై నడచు టెలిఫోనులు హెచ్చుచున్నవి. వీనిలో చాలవరకు 1999 లో వెలువడిన సిప్ అను నియమావళిని అనుసరించును. ఈ టెలిఫోను తానెక్కడ నున్నదో కేంద్రపు కంప్యూటరుకు అప్పుడప్పుడు తెలుపుచుండవలెను. తెలుపుట మానినచో, పిలుపును ఎక్కడికి పంపవలెనో కంప్యూటరుకు తెలియదు, యంత్రము మ్రోగదు. ఇక్కడను పిలుపు సందేశము ఒక దారిన, మాట మరియొక దారిన పోవును.

వాట్సన్ సుత్తి నాటినుండి నేటివరకు సాధనములు ఎన్నో మారినవి. మాటకును పిలుపునకును గల భేదము మాత్రము మారలేదు. మ్రోగని టెలిఫోనును బాగుచేయ బూనువాడు మొదట ఈ రెండు మార్గములను విడదీసి చూచినచో, సగము పని అయినట్లే.