కొండ మీది దర్గా ముందా, చార్మినార్ ముందా?
(పహాడీ షరీఫ్ చరిత్ర, కట్టడము)



ఈ యేడు మన సంఘం పిల్లలను వెంటబెట్టుకొని పహాడీ షరీఫ్ జియారత్‌కు పోయినాము. పిల్లలు పందెం వేసుకొని మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కినారు. పైకి చేరేసరికి ఒక్కొక్కరికి ఒక్కొక్క లెక్క వచ్చింది. అందరం నవ్వుకొన్నాము. ఆయాసం తీర్చుకొందామని నీడన కూర్చున్నప్పుడు ఐదో తరగతి చదివే అబ్బాయి ఒకడు, "ఈ దర్గా ముందా, చార్మినార్ ముందా?" అని అడిగినాడు. పెద్దవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకొన్నాము. చార్మినారే ముందని కొందరన్నారు. రెండూ నవాబుల కాలానివేనని ఇంకొకాయన తేల్చేసినాడు. ఆ అబ్బాయికి మేము బాకీపడిన జవాబే ఈ వ్యాసము.

చార్మినార్ కట్టినది క్రీస్తు శకం 1591లో. పహాడీ షరీఫ్ కొండ మీద నిద్రిస్తున్న హజ్రత్ బాబా షర్ఫుద్దీన్ సుహ్రవర్దీ (రహమతుల్లా అలైహి) వారు హిజ్రీ 687లో వఫాత్ అయినారని దర్గా సంప్రదాయము. ఇది క్రీస్తు శకంలో 1288 ప్రాంతం అవుతుంది. అంటే బాబావారు ఈ కొండ మీద విశ్రమించిన మూడు వందల యేండ్లకు గాని చార్మినార్ లేవలేదన్న మాట.

ఆ 1288లో ఈ గడ్డను ఏలుతున్నది ఎవరు? ఓరుగల్లులో కాకతి రుద్రమదేవి. ఆమె పాలన 1262 నుండి 1289 వరకు సాగింది. అల్లావుద్దీన్ ఖిల్జీ దేవగిరి మీదికి దండెత్తినది 1296లో. మాలిక్ కాఫూర్ ఓరుగల్లు మీదికి బయలుదేరినది 1309లో. కాకతీయ రాజ్యం కూలినది 1323లో. బహమనీలు 1347లో, గోల్కొండ కుతుబ్ షాహీలు 1518లో, ఆసఫ్ జాహీలు 1724లో వచ్చినారు. వీళ్ళందరికంటే ముందే బాబావారు ఇక్కడున్నారు. దక్కనులో ముస్లిం సుల్తానులు తఖ్తు ఎక్కక మునుపే, సైన్యమూ జాగీరూ వెనుక లేని ఒక ఫకీరు ఇక్కడి ప్రజల మధ్య బ్రతికినాడు, ఇక్కడి మట్టిలోనే కలిసినాడు. ఈ ఒక్క సంగతి మన పిల్లలు గుర్తుంచుకుంటే చాలును. మన మతం ఈ ప్రాంతానికి కత్తి వెంట మాత్రమే వచ్చిందని ఎవరైనా అంటే, కోపం తెచ్చుకోనక్కరలేదు. వాళ్ళను తీసుకొనిపోయి ఈ కొండ చూపించి, ఈ తారీఖులు చెప్పితే సరిపోతుంది.

బాబావారిది సుహ్రవర్దీ తరీఖా. ఈ తరీఖాను బాగ్దాదులో స్థిరపరచిన షేక్ షిహాబుద్దీన్ సుహ్రవర్దీ వారు 1234లో వఫాత్ అయినారు. సూఫీల నడవడిని గురించి ఆయన వ్రాసిన అవారిఫుల్ మఆరిఫ్ అనే గ్రంథాన్ని శతాబ్దాల పాటు ఖాన్‌ఖాహ్‌లలో చదివి చెప్పుకొన్నారు. బాబావారు ఇరాఖు దేశం నుండి వచ్చినారనీ, ఆ షేక్ గారి ముదీదులలో ఒకరనీ మన బుజుర్గులు చెప్పుతూ వచ్చినారు. అది ఎటువంటి కాలమంటే, మంగోలులు ఒక్కొక్క దేశాన్నే తొక్కుకుంటూ వచ్చి, చివరకు 1258లో బాగ్దాదునే నాశనం చేసినారు. మరి బయటివాళ్ళను మన తెలుగు నేల ఎట్లా చూసింది? దానికి సాక్ష్యం సముద్రపు ఒడ్డున వున్నది. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించినాడు. దూరదేశాల నుండి వచ్చే ఓడవర్తకులకు భయం లేదని, తుఫానులో ఓడ చెడి ఒడ్డుకు కొట్టుకొని వచ్చినా వాళ్ళ సరుకు లాగుకొనబోమని అందులో అభయమిచ్చినాడు. అటువంటి రోజులలో ఒక పరదేశి ఫకీరుకు ఇక్కడ ఒక కొండ దొరకడంలో వింత లేదు.

అయితే కొండే ఎందుకు? ఏకాంతంలో అల్లాను తలుచుకొనడాన్ని ఖల్వత్ అంటారు. మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు కూడా మక్కా దగ్గరి హిరా కొండ గుహలో ధ్యానంలో గడిపినవారే. హైదరాబాదు చుట్టూ వున్న ఈ నల్లరాతి గుట్టలు సుమారు రెండు వందల యాభై కోట్ల యేండ్ల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞుల మాట. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే ఆ గుండ్ల సందులలో నీడ వుంటుంది, గాలి వుంటుంది, వాన నీళ్ళు నిలిచే దొనెలుంటాయి. ఫకీరుకు అంతకంటే ఏమి కావాలి? పట్నానికి ఉత్తరాన మౌలాలి గుట్ట, దక్షిణాన పహాడీ షరీఫ్. చాంద్రాయణగుట్ట దాటి, ఒకప్పుడు నిజాము కొలువులోని అరబ్బు సిపాయిలు నివసించిన బార్కస్ మీదుగా శ్రీశైలం బాటలో పోయేవారికి ఈ కొండ దూరం నుండే కనబడుతుంది.

ఇక కట్టడము సంగతి. దర్గాకు పోయినప్పుడు మనం ఫాతెహా చదివి, తబర్రుక్ తీసుకొని వచ్చేస్తాము. ఒక్కసారి తల పైకెత్తి కూడా చూడాలి. మన దేశానికి ఖిబ్లా పడమర దిక్కున వున్నది గనుక, తల ఉత్తరానికి పెట్టి, మొహం పడమరకు తిప్పి ఖననం చేస్తారు. అందుకే మన వైపు దర్గాలలో పాదాల వైపు, అంటే దక్షిణపు తలుపు నుండి, లోపలికి పోవడం అదబుగా భావిస్తారు. మజారు మీద వుండే గది సాధారణంగా చదరంగా వుంటుంది. పైనున్న గుంబదేమో గుండ్రన. నాలుగు మూలల గోడ మీద గుండ్రని కప్పు ఎట్లా నిలుస్తుంది? మూల మూలకు ఒక చిన్న కమాను వేసి నాలుగు పలకలను ఎనిమిది చేస్తారు, ఎనిమిదిని పదహారు చేస్తారు, దాని మీద గుండ్రటి వరస ఎత్తుతారు. ఇనుము లేదు, సిమెంటు లేదు. రాళ్ళ బరువే రాళ్ళను పట్టి వుంచుతుంది. పాతకాలపు గచ్చు పనిలో డంగు సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపి రోజుల తరబడి నానబెట్టి నూరేవారు. ఆ పనితనమే కుతుబ్ షాహీ గుంబదులను ఇన్ని వానలకు తట్టుకొని నిలబెట్టింది.

నిజానికి కొండ దర్గాలో అసలు కట్టడం మెట్లతోనే మొదలవుతుంది. ఒక్కొక్క మెట్టుకు ఊరి సందడి కిందికి దిగిపోతుంది, ఊపిరి బరువెక్కుతుంది, మాట తగ్గుతుంది. పైకి చేరేసరికి మనిషి తనంతట తానే నెమ్మదిస్తాడు. సముద్రతీరపు దర్గాలలో ఈ పని నీళ్ళు చేస్తాయి. బొంబాయి హాజీ అలీ దర్గాకు సముద్రం మధ్యగా బాట వున్నది. పోటు వచ్చినప్పుడు ఆ బాట మునిగిపోతుంది, ఆటు వచ్చినదాకా భక్తుడు ఆగవలసిందే. తమిళనాడులోని నాగూరులో హజ్రత్ షాహుల్ హమీద్ వారి దర్గాకు అయిదు మినార్లున్నాయి. అన్నిటికంటే ఎత్తైనది 131 అడుగులు. దానిని కట్టించినవాడు తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాప్ సింగ్, హిందువు. మన విశాఖపట్నం రేవు పక్కనే దర్గా కొండ మీద హజ్రత్ ఇస్‌హాఖ్ మదీనా వారున్నారు. రేవులో వచ్చిపోయే ఓడలు ఆ దర్గా ఎదుట జెండాను మూడుసార్లు దించి ఎత్తేవని బ్రిటిషు కాలపు జిల్లా గ్రంథాలలో వ్రాసి వున్నది. సముద్రమైనా, కొండైనా, బాటసారి భయపడే చోటనే బుజుర్గులు వున్నారు. దారి పోయేవాళ్ళు ఆగి, తల వంచి పోయినారు.

ఇప్పుడు మన బాటసారులు ఆకాశంలో పోతున్నారు. మన శంషాబాదుకు ఆ పేరు పాయెగా వంశపు షమ్సుల్ ఉమ్రాల వల్ల వచ్చింది. చాలా కాలం అది బెంగుళూరు రోడ్డు మీద బస్సు ఆగే ఒక ఊరు, అంతే. 2005లో ఇక్కడ విమానాశ్రయానికి పునాది పడింది. 2008 మార్చి 23న విమానాలు దిగడం మొదలయింది. అయిదు వేల ఎకరాలకు పైగా భూమి దానిలోకి పోయింది. మనవాళ్ళకు అందులో కొలువులూ దొరికినాయి, పాత పొలాలూ బాటలూ పోయినాయి. రెండూ నిజమే. ఇవాళ రాత్రిపూట కొండ మీద నిలుచుంటే నైరుతి దిక్కున విమానాశ్రయపు దీపాలు చుక్కల పందిరి మాదిరి కనబడతాయి. గల్ఫుకు పోయే కొడుకును సాగనంపి, అటునుంచి అటే కొండెక్కి దువా చేసి ఇంటికి పోయే తల్లులను మేము చూసినాము.

మన ప్రాంతపు దర్గాలకు మరో గొప్పతనం వున్నది. కొత్తూరు వైపు ఇన్ముల్‌నర్వ దగ్గరి జహంగీర్ పీర్ల దర్గాకు గురువారం, ఆదివారం పోయి చూడండి. కందూరు చేసి, పొయ్యి పెట్టి, చెట్ల కింద బంతి కూర్చున్నవారిలో సగానికి సగం మంది బొట్టు పెట్టుకొన్నవారే. పహాడీ షరీఫ్‌లో షాబాన్ నెల ఉర్సుకైనా అంతే. మెట్ల మీద ఎవరు ఎవరని అడిగేవాడు లేడు.

చివరకు ఒక చేదు మాట. దర్గా మీద ప్రేమతోనే మనం దర్గాలకు చేటు చేస్తున్నాము. మొక్కు తీరిందని ఒకరు పాత గచ్చు మీద సిమెంటు పూయిస్తారు. ఇంకొకరు గోడకు బాత్‌రూము పలకలు అంటిస్తారు. సున్నపు గోడ ఊపిరి పీల్చే గోడ. లోపలి తేమ బయటికి పోయే దారి సిమెంటుతో మూస్తే గోడ లోలోపలే చివికిపోతుంది. పాత రాతి మీద అక్షరం వుంటే అది రంగు కింద పడి పోతుంది. అక్షరం పోయిన తర్వాత మన మాటకు సాక్ష్యమేది? 1954, 1995 వక్ఫ్ చట్టాల నుండి 2025 సవరణ దాకా ప్రతిదీ అడిగేది ఒక్కటే, కాగితము. మనం జవాబుగా చూపేది పెద్దల నోటిమాట. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

కాబట్టి సభ్యులకు మా మనవి ఇది. మన చుట్టుపక్కల వున్న ప్రతి దర్గా, ఆషూర్‌ఖానా, పాత మసీదు, ఖబ్రస్తాను కొలతలు తీసి ఒక పుస్తకంలో వ్రాద్దాము. రాతి మీది అక్షరాలకు ఫోటోలు తీయిద్దాము. ఇంట్లో ట్రంకు పెట్టెలలో వున్న సనదులు, ముంతఖబులు చెదలు పట్టక ముందే నకళ్ళు చేయిద్దాము. మరమ్మతు చేయించే ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీని ఒకసారి అడుగుదాము. జియారత్‌కు పోయినప్పుడు ప్లాస్టిక్ సంచీని కిందికి తెచ్చుకొందాము. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

బేటా, నీ ప్రశ్నకు జవాబు ఇది. దర్గాయే ముందు. పట్నం కంటే ముందు, సుల్తానుల కంటే ముందు. వచ్చే ఉర్సుకు మళ్ళీ పోదాము. ఇన్షా అల్లా, ఈసారి మెట్లు సరిగ్గా లెక్కపెట్టి, ఆ లెక్క కూడా పుస్తకంలో వ్రాద్దాము. ఆ మొదటి పేజీ నువ్వే వ్రాయాలి.