పేరు చెక్కిన రాయి

మొదటి ప్రపంచ యుద్ధములో మరణించిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికులను పాతిపెట్టిన పెద్ద సమాధుల తోటలలో రెండు గురుతులు కనబడును. ఒకటి బ్లూమ్‌ఫీల్డ్ రూపొందించిన త్యాగ సిలువ. దానిమీది కంచు ఖడ్గము మొన క్రిందికి తిరిగియుండును. రెండవది లుట్యెన్స్ రూపొందించిన స్మారక శిల. మృతులు అనేక మతములవారు గనుక దానిమీద ఏ మతచిహ్నమును లేదు. వారి పేరు నిలిచియుండునను మాట మాత్రము చెక్కియున్నది. అధికారికైనను సిపాయికైనను సమాధిరాయి ఒకే తీరుగా ఉండవలెనన్నది 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషన్ నియమము.

అయితే ఆ నియమము అందరియెడల నెరవేరలేదు. కమిషన్ నియమించిన సంఘము 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారము, 45,000 నుండి 54,000 మంది మృతులకు, ముఖ్యముగా భారతీయులకును ఆఫ్రికావారికిని, సమానమైన స్మరణ దక్కలేదు. మరి కనీసము 1,16,000 మంది పేర్లు ఎక్కడను చెక్కబడలేదు. నాటి అధికారుల జాతివివక్షయే ఇందుకు మూలమని ఆ నివేదిక తేల్చెను. కమిషన్ క్షమాపణ చెప్పెను.

ప్రియ సంఘస్థులారా, రాయి చెప్పునది సత్యమా కాదా అనునది దానిమీద లేని పేర్లవలన తెలియును. మన దేవాలయపు గోడలమీదను శిలాఫలకములున్నవి. ఈ శతవార్షికోత్సవ వేళ వాటిని చదువుదము. ఎవరి పేర్లు విడిచితిమో కూడ పెద్దలనడిగి తెలిసికొందము.