ఆర్కెస్ట్రా పెరిగింది, గొంతు మారింది

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. ఆ ఏడాది చివర్లోనే ఫిన్లండ్‌లోని కిటీ అనే చిన్న ఊరి బ్యాండ్ నైట్‌విష్ తన రెండో ఆల్బమ్ 'ఓషన్‌బోర్న్' తెచ్చింది. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. కానీ 2003లో ఎంఎంటీఎస్ వచ్చి, లింగంపల్లి బండిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునే తరం తయారయ్యాక, అందులో కొందరి చెవుల్లో మోగింది ఈ బ్యాండే.

సింఫనిక్ మెటల్ అంటే గిటార్ల హోరు, డ్రమ్ముల దరువు, వాటి వెనక వయొలిన్ల దండు, కోరస్. నైట్‌విష్‌లో వీటన్నిటి మీదా తార్యా తురునెన్ ఒపెరా గొంతు ఉండేది. పాటలు ఎక్కువగా రాసేది కీబోర్డు వాయించే తువోమస్ హోలోపైనెన్. 2004లో వచ్చిన 'వన్స్' వాళ్లని యూరప్ దాటించింది. సినిమా నేపథ్య సంగీతంతో పెరిగిన మనకి ఈ హంగామా కొత్తగా అనిపించలేదు, సొంతంగానే అనిపించింది.

2005 అక్టోబర్ 21న హెల్సింకీలో పెద్ద కచేరీ అయింది. అది ముగిశాక మిగతా నలుగురూ తార్యా చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. నువ్విక మాతో లేవు అని దాని సారాంశం. ఆ ఉత్తరాన్ని లోకం మొత్తానికీ చూపించారు కూడా.

రెండేళ్ల తర్వాత, 2007 సెప్టెంబరులో, 'డార్క్ పాషన్ ప్లే' వచ్చింది. లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో ఆర్కెస్ట్రా, కోరస్. ఖర్చు ఐదు లక్షల యూరోలు దాటిందని చెప్పుకున్నారు. మొదటి పాటే దాదాపు 14 నిమిషాలు. పాడింది స్వీడన్ నుంచి వచ్చిన అనెట్ ఓల్జన్. ఒపెరా కాదు, మామూలు పాప్-రాక్ గొంతు. ఫిన్లండ్‌లో ఆల్బమ్ విపరీతంగా అమ్ముడైంది. అయినా పాత అభిమానుల్లో చాలామందికి నిరాశే మిగిలింది. అదంతా అనెట్ ఖాతాలో పడింది.

ఇక్కడే ఒకసారి ఆగి చూడాలి. ఘంటసాల 1974లో పోయాక మన హీరోలకీ కొత్త గొంతు కావాల్సొచ్చింది. కొన్నాళ్లు రామకృష్ణ ఎక్కువ పాడారు, తర్వాత బాలు నిలదొక్కుకున్నారు. ఘంటసాలని అనుకరించి కాదు, తెర మీది నటుణ్ణి బట్టి గొంతు మలచుకుని. అక్కడ బాలుకి ఒక ఆసరా ఉంది: గొంతు మారినా తెర మీద ముఖం అదే. బ్యాండ్‌లో ఆ వీలు లేదు. గొంతే ముఖం.

పైగా అనెట్‌కి ఇచ్చిన పాటలు ఎలాంటివి? 'బై బై బ్యూటిఫుల్' వెళ్లిపోయిన తార్యా గురించే. మొదటి పాటలో కవి తన చావుని తానే ఊహించుకుంటాడు. అంటే ఒకరి మీద ఇంకొకరికున్న కోపాన్నీ దుఃఖాన్నీ, ఆ గొడవతో సంబంధమే లేని మూడో మనిషి నోట పలికించారు. ఎంత గొప్ప వయొలిన్లు కలిపినా ఆ ఖాళీ పూడదు. నాకు ఆల్బమ్‌లో వినిపించే లోపం గొంతుది కాదు, రాతది. పగ చల్లారకముందే రాసిన పాటలవి.

కథ అక్కడితో ఆగలేదు. 2012 అక్టోబర్‌లో, అమెరికా పర్యటన మధ్యలోనే, అనెట్ కూడా బయటికొచ్చేసింది. డచ్ గాయని ఫ్లోర్ యాన్సెన్ హడావిడిగా వచ్చి మైకు అందుకుంది. ఏడేళ్లలో ఇద్దరు ఆడవాళ్లు వెళ్లారు. పాటలు రాసిన మనిషి మాత్రం కీబోర్డు ముందు అలాగే ఉన్నాడు.

ఆ గాయని బావుందా ఈ గాయని బావుందా అన్న పోటీ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఆ పోటీలో ఎవరు గెలిచినా, రాసినవాణ్ణి అడగాల్సిన ప్రశ్న అడగకుండానే మిగిలిపోతుంది. ఆల్బమ్ నచ్చకపోవడం వినేవాళ్ల హక్కు. ఆ నచ్చకపోవడానికి మూల్యం ఎవరు చెల్లించారన్నది మాత్రం చరిత్ర.